కడుపులో పుండు: తప్పు కారానిదా, క్రిమిదా?

గుంటూరు మిర్చి యార్డులో కొత్త పంట టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగడం మొదలైతే చాలు, పాత గొడవ మళ్లీ లేస్తుంది. కడుపులో పుండ్లకు మన కారమే కారణమని ఒకరు వాట్సాప్‌లో పెడతారు. కాదు, హెచ్‌.పైలోరీ అనే బ్యాక్టీరియా అని ఇంకొకరు తిప్పికొడతారు. ఇప్పుడు దానికి ఇంకో మెలిక: టెస్టులో ఆ బ్యాక్టీరియా తేలిన ప్రతివాళ్లూ 14 రోజులు యాంటీబయాటిక్స్ మింగాల్సిందేనా?

ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి చూపించడం, 2005లో నోబెల్ రావడం అందరికీ తెలిసిందే. నన్నడిగితే అసలు మలుపు 1988లో వచ్చింది. రాబర్ట్ ల్యూంక్ బృందం ఈ బ్యాక్టీరియాను ద్రవంలో పెంచి, ఆ తర్వాత దాన్ని పూర్తిగా వడగట్టేసింది. ముక్కలన్నీ ఏరేసి ఉత్త పులుసు పోసినట్టు, మిగిలిన ద్రవాన్ని మాత్రం మనిషి కణాల మీద పోశారు. అందులో ఒక్క క్రిమి లేదు. అయినా కణాల్లో బుడగలు లేచి, జల్లెడలా తయారయ్యాయి. అయితే ఈ బ్యాక్టీరియాలోనే చాలా రకాలున్నాయి. వాటిలో సుమారు సగం రకాల ద్రవమే ఇలా చేసింది, మిగతా సగం ఏమీ చేయలేదు. ఇవాళ్టి గొడవంతా ఈ ‘సగం’ దగ్గరే ఉంది.

1992లో టిమొతీ కవర్, మార్టిన్ బ్లేజర్ ఆ విషాన్ని వేరుచేశారు. పేరు వాక్‌ఏ. అది కణం లోపలికి దూరుతుంది. దాని ఆరు అణువులు గుండ్రంగా కూడి, కణంలో ఉండే చిన్న ఆమ్లపు సంచుల పొరకు బెజ్జం పెడతాయి. అందులోంచి క్లోరైడ్ సంచిలోకి పోతుంది. ఆ సంచుల్లోకి అమోనియా చేరి చిక్కుకుంటుంది, దాని వెనకే నీళ్లు. సంచి ఉబ్బుతుంది. విషం కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దాకా వెళ్తే కణమే చస్తుంది. కొన్ని రకాలు క్యాగ్‌ఏ అనే ఇంకో ప్రొటీన్‌ను సూదిమందులా నేరుగా కణంలోకి ఎక్కిస్తాయి.

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లు ఒకటి చూసే ఉంటారు. కడుపులోంచి గిల్లిన ఆవగింజంత ముక్కను పసుపు జెల్‌లో వేస్తే కాసేపటికి అది గులాబీ రంగుకు తిరుగుతుంది. బ్యాక్టీరియా యూరియాను విరగ్గొట్టి వదిలే అమోనియా పని అది. కణాల్లో బుడగల్ని ఉబ్బించేదీ అలాంటి అమోనియానే. కానీ క్రిమి ఉందనే తప్ప, దాని విషం గట్టిదా కాదా అన్నది ఆ రంగు చెప్పదు.

వాక్‌ఏ జన్యువు దాదాపు అన్ని రకాల్లోనూ ఉంటుంది. తేడా దాని రూపంలో ఉందని 1995లో తేలింది. ఎస్1 రూపం ఘాటైనది, ఎస్2 నీరసమైనది. మన దేశంలో ఈ క్రిమి ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం పుండే పడదు. విషం రూపం ఒక కారణం, మనిషి ఒంటి తీరు ఇంకొకటి.

కారం సంగతీ చెప్పాలి. ఎర్ర మిరప వల్ల కడుపు పొర కణాలు కొంత రాలి, కాస్త రక్తం కనిపించిందని 1987లో ఒక అధ్యయనం చెప్పింది. మరుసటి ఏడాదే అమెరికాలో డేవిడ్ గ్రాహం బృందం రుబ్బిన మిరపకాయను నేరుగా కడుపులోకి పంపి ఎండోస్కోపీతో చూస్తే గాయం కనపడలేదు. ఆస్పిరిన్ అనే నొప్పి మాత్ర మాత్రం గాయం చేసింది. మంట వేరు, పుండు వేరు. టిక్కీలు మోసి ఒళ్లు హూనమై, పరగడుపున నొప్పి మాత్ర వేసుకునే హమాలీకి ప్రమాదం పచ్చడి నుంచి కాదు, ఆ మాత్ర నుంచి.

అందరికీ మందివ్వాలనేవాళ్లకూ ఆధారముంది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ క్రిమిని మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో పెట్టింది. 2015 నాటి క్యోటో నిపుణుల నివేదికా, క్రిమి ఉన్నవాళ్లకు మందివ్వాలనే చెప్పింది. వద్దనేవాళ్లు చూపించేది మందులకు లొంగని రకాలు పెరగడాన్ని. పుండు తేలినవాళ్ల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, కోర్సు పూర్తిగా వాడాలి. తగాదా అంతా పుండు లేకుండా పాజిటివ్ వచ్చినవాళ్ల గురించే. వాళ్ల చేతికొచ్చే మామూలు రిపోర్టులో పాజిటివ్ అనే ఉంటుంది తప్ప ఎస్1, ఎస్2 అన్న మాట ఉండదు.