చలక మట్టి, బండి చక్రం, గిటార్ ప్రాసెసర్ అద్దం

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలలో గిటార్ వాయించే మా పాత విద్యార్థి ఒకడు గత వేసవిలో తన గిటార్ ప్రాసెసర్‌ను, అంటే గిటారు ధ్వనిని రకరకాలుగా మార్చే యంత్రాన్ని, సంచిలో పెట్టుకొని నల్లగొండలోని మా ఇంటికి వచ్చాడు. దాని తెర మీద అతికించిన రక్షణ అద్దం ఒక మూల నుంచి సాలెగూడులా చీలి ఉంది. "సార్, ఇది 9 హెచ్ గ్లాసు, వజ్రం ఒక్కటే దీనికన్న గట్టిది అని చెప్పి అమ్మిన్రు. రెండు పెళ్లిళ్లకే గీతలు పడ్డయి. మూడో పెళ్లి అయినంక రాత్రి సంచిల పెట్టిన, పొద్దున తీస్తే ఇట్లుంది. దాని మీద ఎవ్వరు కాలు పెట్టలేదు. ఎట్ల పగిలింది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను పొందిన ఆనందమే ఈ వ్యాసానికి కారణం.

ప్రాసెసర్ లోపల డిలే (ప్రతిధ్వని), రివర్బ్ (పెద్ద గదిలో లాంటి మోత) ఎలా పుడతాయో ఇక్కడ చెప్పబోవడం లేదు. మనకు కావలసిందల్లా, అది నేల మీద ఉండే యంత్రమనీ, దాని మీటలను బూటు కాలితో తొక్కుతారనీ, ఆ మీటలకు జానెడు దూరంలోనే తెర ఉంటుందనీ గుర్తుంచుకోవడమే.

ఆ పగిలిన అద్దాన్ని తెల్ల కాగితం మీద దులిపి, రాలిన దుమ్మును పదింతలు చూపే భూతద్దంతో పరిశీలించాను. మెత్తని ఎర్రటి ధూళి మధ్య పంచదార పలుకుల్లా మెరిసే గింజలు కనిపించాయి. అవి క్వార్ట్జ్ రేణువులు. మన ఊళ్లలో పలుగురాయి అనే రాయి ఇదే. నల్లగొండ, పాలమూరు జిల్లాల కింద పరుచుకొని ఉన్న గ్రానైటు, నైస్ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. ఎండకూ వానకూ ఆ శిల శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ చాలావరకు బంకమట్టిగా మారుతుంది, ఇనుము తుప్పుపట్టి ఎరుపునిస్తుంది, క్వార్ట్జ్ మాత్రం దేనికీ లొంగక గింజగానే మిగిలిపోతుంది. మనం చలక అని పిలిచే నేల ఆ విధంగా ఏర్పడినదే. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో రూపొందించిన, ఏ ఖనిజం దేన్ని గీయగలదో చూపే కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్ స్థానం 7, ఫెల్డ్‌స్పార్ స్థానం 6. మామూలు గాజు 5.5 దగ్గర ఆగిపోతుంది. అంటే మన ఊరి రోడ్డు మీద నడిచి వచ్చిన ప్రతి బూటు అడుగునా గాజును గీయగల ఉలి ఉంటుంది. అదే కొలమానంలో 4, 5 స్థానాలలో ఉన్న ఫ్లోరైట్, అపటైట్ అనే ఖనిజాలు కూడా ఈ శిలలో ఉండి, మన బావుల నీటిలోకి ఫ్లోరైడును వదిలి ఈ జిల్లా ప్రజల ఎముకలను వంచాయి. మోస్ పట్టికను పోటీ పరీక్షల కోసం టాల్క్ నుంచి వజ్రం దాకా కంఠస్థం చేయిస్తారు గానీ, ఒక పలుగురాయి ముక్కనూ ఒక గాజు పెంకునూ పిల్లల చేతికిచ్చి గీసి చూడమని చెప్పే తరగతి గది అరుదు. అది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ఇక 9 హెచ్ సంగతి. ఆ తొమ్మిది, మోస్ కొలమానంలోని తొమ్మిది కాదు. అది పెన్సిల్ కాఠిన్యం. రంగుల పూతలు ఎంత గట్టివో తెలుసుకోవడానికి పెన్సిల్‌ను 45 డిగ్రీల కోణంలో ఉంచి, 750 గ్రాముల బరువుతో పూత మీద లాగి, గీత పడిందో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంది. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. గ్రాఫైటు మోస్ స్థానం 1కీ 2కీ మధ్య ఉంటుంది. మట్టి వంతు పెరిగినకొద్దీ ములుకు గట్టిపడుతుంది. ఆ పరీక్షలో మన కిటికీ అద్దం కూడా నెగ్గుతుంది. పెన్సిల్‌కు గీత పడకపోవడం వేరు, పలుగురాయికి గీత పడకపోవడం వేరు. మోస్ కొలమానంలో నిజంగా తొమ్మిదో స్థానంలో ఉన్నది కురువిందం, అంటే కెంపు, నీలం జాతి రాయి.

గీత పడడం అర్థమైంది, మరి పగలడం ఎందుకు? ఇక్కడ నాకు మా ఊరి కమ్మరి కొలిమి గుర్తుకు వస్తుంది. ఎడ్లబండి చక్రానికి పట్టా ఎక్కించే రోజున పిల్లలందరమూ అక్కడే ఉండేవాళ్లం. చక్రం చుట్టుకొలత కన్నా కొద్దిగా చిన్నగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, ముగ్గురు పట్టకార్లతో ఎత్తి, చెక్క చక్రానికి తొడిగి, మరుక్షణమే బిందెలతో నీళ్లు గుమ్మరించేవారు. ఇనుము ఒక్క డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతులకు 12 వంతులు సాగుతుంది. 4 మీటర్ల పట్టా 600 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 సెంటీమీటర్లు సాగి, చల్లారగానే ఆ మేరకు ముడుచుకోవాలని చూస్తుంది. చెక్క అడ్డుపడుతుంది. ఫలితంగా పట్టా లాగుడులోనూ, చెక్క నొక్కుడులోనూ ఉండిపోతాయి. చక్రపు ఆకులు, అంటే ఇరుసు నుంచి అంచుదాకా ఉండే చెక్క కమ్మీలు, ఒక్కొక్కటే బిగుసుకుంటున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నొక్కుడులో ఉన్న చెక్కలో చిన్న చీలిక ఉన్నా అది తెరుచుకోలేదు. బండి రాళ్ల మీద ఎగిరిపడినా చక్రం విడిపోదు.

గట్టిపరచిన గాజులోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే లోపలిది బయటికి, బయటిది లోపలికి మారుతుంది. మందపాటి గాజును 600 డిగ్రీలు దాటేలా కాల్చి చల్లని గాలి ఊదితే ముందు పైపొర బిగుస్తుంది. లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ, ముడుచుకుంటూ, అప్పటికే బిగిసిన పైపొరను తనవైపు లాగుతుంది. ఇక్కడ లోపలి గాజు పట్టా, పైపొర చెక్క. అయితే 0.3 మిల్లీమీటర్ల పలుచని అద్దంలో పైపొరకూ లోపలికీ మధ్య వేడి తేడా నిలవదు కాబట్టి ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు రెండో ఉపాయం కావాలి. అదీ మన రైతులకు తెలిసినదే. ఎండాకాలంలో చెక్క ఎండిపోయి పట్టా వదులైతే, బండిని తీసుకువెళ్లి చక్రాలు మునిగేలా వాగులో నిలిపేవారు. చెక్క నీరు పీల్చి ఉబ్బి, పట్టాను మళ్లీ బిగించేది. గాజును కరిగించిన సురేకారంలో, అంటే పొటాషియం నైట్రేట్‌లో, సుమారు 400 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ముంచి ఉంచితే, పైపొరలోని సోడియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) బయటికి వెళ్లి, వాటి చోట్లలోకి పొటాషియం అయాన్లు వచ్చి చేరతాయి. సోడియం అయాను వ్యాసార్ధం 102 పికోమీటర్లు, పొటాషియం అయానుది 138. ఇరుకు చోట పెద్దవాడు కూర్చున్నట్లుగా పైపొర అంతా ఉబ్బి, ఉబ్బడానికి వీలులేక, నొక్కుడులో చిక్కుకుంటుంది. ఆ పొర మందం మైక్రోమీటర్లలో కొన్ని పదులు మాత్రమే, అంటే తల వెంట్రుక మందానికి అటూ ఇటూ. గీత ఆ పొరలోనే ఆగినంతవరకు దాని అంచులు నొక్కి మూసి ఉంటాయి. పొరను దాటి లోపలి లాగుడు భాగాన్ని తాకిందా, చీలికను ఆపేవారు ఉండరు. పట్టా తెగిన చక్రంలా అద్దమంతా ఒక్కసారిగా విడిపోతుంది.

ఒక్క గీత అంత పని ఎలా చేస్తుంది? 1913లో చార్లెస్ ఇంగ్లిస్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు దీనికి లెక్క కట్టాడు. గీత లోతును దాని మొన వ్యాసార్ధంతో భాగించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, ఒకటి కలిపితే, ఆ మొన వద్ద ప్రతిబలం, అంటే పదార్థం లోపల వైశాల్యానికి పడే బలం, ఎన్ని రెట్లు పెరుగుతుందో వస్తుంది. 10 మైక్రోమీటర్ల లోతు, 1 నానోమీటరు మొన ఉన్న గీతకు ఇది 201 రెట్లు! గాజు తన అణుబంధాలను బట్టి ఉండవలసినంత బలంగా ఎందుకు ఉండదో 1921లో గ్రిఫిత్ అనే మరో ఇంగ్లండ్ ఇంజనీరు వివరించగలిగింది ఈ మెట్టు మీద నిలబడే. ఇక గీసే గింజ వైపు నుంచి చూస్తే, 0.1 మిల్లీమీటరు పొడవు వెడల్పులున్న పలుగు మొన మీద ఒక్క కిలో బరువు పడితే చాలు, అక్కడి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 10,000 రెట్లు ఉంటుంది. బూటు అంచు తెరను రాసుకుంటూ పోవడానికి అంతకన్నా ఎక్కువ బరువే పడుతుంది.

రాత్రి ఎవరూ తాకకుండానే అద్దం పగిలినందుకు ఆ యువకుడి తల్లి గిటారుకు, ప్రాసెసర్‌కు దిష్టి తీసిందట. కొడుకు జీవనాధారం మీద ఆమెకున్న ఆదుర్దాను నేను గౌరవిస్తాను. కానీ కారణం గాలిలోని తేమ. లాగుడులో ఉన్న చీలిక మొన దగ్గరికి నీటి అణువులు చేరి సిలికాన్, ఆక్సిజన్ల మధ్య బంధాలను ఒక్కొక్కటిగా తెంచుతాయి. చీలిక కంటికి కనిపించనంత మెల్లగా గంటల తరబడి సాగి, ఒక హద్దు దాటాక క్షణంలో పరుగెత్తుతుంది. దెబ్బ తగిలింది మండపంలో, పగిలింది ఇంట్లో.

కాబట్టి ప్రాసెసర్‌కు కావలసింది గట్టి అద్దం కాదు, గీతలు పడుతూనే పగలకుండా నిలిచే మూత. అది తెరకు తాకకుండా, పడిన బరువును యంత్రపు లోహపు ఒంటికి అప్పగించాలి. హెల్మెట్ల ముందుండే పారదర్శక పలకకు వాడే పాలికార్బొనేట్ దీనికి తగినది. పలక బిగువు దాని మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల వెడల్పును దాటుతూ, రెండు పొడవాటి అంచుల మీద ఆనిన 16 సెంటీమీటర్ల పలకపై 30 కిలోల కాలు పడితే, 3 మిల్లీమీటర్ల పలక మధ్యలో సుమారు 7 మిల్లీమీటర్లు వంగి తెరను తాకుతుంది; 5 మిల్లీమీటర్ల పలక 1.6 మిల్లీమీటర్లు మాత్రమే వంగుతుంది. అంచుల కింద 3 మిల్లీమీటర్ల ఎత్తు పట్టీలు అతికిస్తే తెర క్షేమం. నేమ్ బోర్డులు చేసే దుకాణాలలో లేజర్‌తో అందంగా కోసి ఇచ్చేది సాధారణంగా అక్రిలిక్. పాలికార్బొనేట్ లేజర్ కింద మాడి పసుపెక్కుతుంది, దాన్ని రంపంతోనో రౌటర్ అనే కోత యంత్రంతోనో కోయించుకోవాలి.

లైన్ 6 హీలిక్స్ ఫ్లోర్ వంటి ప్రాసెసర్ల తెర స్పర్శకు పలకదు కాబట్టి ఈ మూతను శాశ్వతంగా ఉంచవచ్చు. క్వాడ్ కార్టెక్స్, హెడ్‌రష్ పెడల్‌బోర్డ్ వంటివి వేలిని కెపాసిటెన్స్ ద్వారా, అంటే వేలు దగ్గరైతే తెరలో నిలిచే విద్యుదావేశం మారడాన్ని బట్టి, గుర్తిస్తాయి. గాజు పర్మిటివిటీ (విద్యుత్ ప్రభావాన్ని తన ద్వారా సాగనిచ్చే గుణం) గాలి కన్నా దాదాపు 7 రెట్లు కాబట్టి, 1 మిల్లీమీటరు గాలి సందు 7 మిల్లీమీటర్ల గాజుతో సమానమైన అడ్డు. వాటికి సందు లేకుండా అంటుకునే పలుచని ఫిల్మ్ ఒకటి ఎప్పుడూ ఉంచి, వేదిక మీద కాళ్లతోనే పని జరిగే వేళ పై మూతను బిగించుకోవాలి. మూతకున్న రెండు ముఖాలూ చెరి 5 శాతం కాంతిని వెనక్కి పంపుతాయి, అంతవరకు ఓర్చుకోక తప్పదు.

తుడిచేటప్పుడు పొడి గుడ్డ వద్దు. రుద్దితే పుట్టే విద్యుదావేశం దుమ్మును మరింత లాగుతుంది, గింజలు గుడ్డ కిందే తిరుగుతాయి. ముందు ఊది, తర్వాత తడి గుడ్డతో ఒత్తకుండా తుడవాలి. అసిటోను, థిన్నర్ పాలికార్బొనేట్‌ను మసకబారుస్తాయి, స్పిరిట్ అక్రిలిక్‌లో సన్నని చీలికలు తెస్తుంది.

అలాంటి మూతను చేయించుకొని, మిర్యాలగూడలో నాలుగు పెళ్లిళ్లు వాయించిన తర్వాత మా విద్యార్థి ఆ మూతను విప్పి నాకు చూపించాడు. భూతద్దం కింద కుడి అంచు మీద పొట్టి గీతలు గుంపుగా ఉన్నాయి, అన్నీ ఒకే దిక్కుకు వాలి, బూటు మొన మీట మీదికి వెళ్లే దారినే. కింద తెర కొత్తదానిలా నల్లగా ఉంది.