తవ్వితే వచ్చిందా, రాతిలో పుట్టిందా?

సముద్రానికి దగ్గరి ఊళ్లలో చేపల చెరువు తవ్వేటప్పుడు పొక్లెయిన్ తొట్టిలో నల్ల ఒండ్రుతో పాటు తెల్లటి గుల్లలు రావడం మామూలే. నత్తగుల్లలు, ఆల్చిప్పలు, ఒక్కోసారి వేలెడంత కోసు గుల్లలు. ఇవి శిలాజాలేనా అని అడిగితే 16వ శతాబ్దపు ఐరోపా పండితుడు తడుముకోకుండా అవుననేవాడు. గుల్లే కాదు, దానికి అంటుకున్న బంకమట్టి కూడా ఆయన లెక్కలో ఫాసిలే. ఇవాళ్టి భూవిజ్ఞాని మట్టిని కడిగి పారబోస్తాడు, గుల్లను చేతిలోకి తీసుకుని, "ఎంత లోతులో దొరికింది?" అంటాడు.

ఫాసిల్ అన్నది లాటిన్ మాట. ‘ఫోదెరె’ అంటే తవ్వడం, ‘ఫోసిలిస్’ అంటే తవ్వి తీసినది. ప్రాణం ఊసు గానీ రాయి ఊసు గానీ అందులో లేదు. జర్మన్ గనుల ఊళ్లలో వైద్యం చేసిన గియోర్గియస్ అగ్రికోలా 1546లో ఫాసిల్స్ స్వభావం మీద ఒక గ్రంథం వెలువరించాడు. ఉప్పు, పటిక, గంధకం, రత్నాలు, మట్టిరకాలు, అన్నీ అందులో ఉన్నాయి. రంగు, రుచి, వాసన, బరువు, గట్టిదనం చూసి వాటిని వేరుచేశాడు. గుల్ల ఆకారపు రాళ్లు కూడా ఆ గుంపులోవే. ఆ కొలతతో చూస్తే మన ఇటుక బట్టీకి తోలే మట్టి ఫాసిలే. కంద, చేమ కూడా తవ్వితేనే వస్తాయి గానీ వాటి జోలికి ఆయన పోలేదు.

ఆ రాళ్లలో కొన్నిటికి ప్రాణుల పోలిక ఎందుకుందన్న తగువు చాలాకాలం నడిచింది. మధ్యధరా తీరాల్లో దొరికే మూడు మూలల నల్లరాళ్లను ‘నాలుక రాళ్లు’ అనేవారు, పాము నాలుకలు రాయిగా మారాయని నమ్మి విషానికి విరుగుడుగా వాడేవారు. 1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర జాలరులకు పెద్ద సొర చేప చిక్కింది. దాని తలను కోసి చూసే పని డెన్మార్క్ వైద్యుడు నీల్స్ స్టెనోకు అప్పగించారు. నోట్లో పళ్లు అచ్చం ఆ నాలుక రాళ్లే. అవి సొర పళ్లేనని 1667లో ఆయన వాదించాడు. మరి గట్టి రాతి మధ్యలోకి పన్ను ఎలా పోయింది? పన్ను ముందే ఉంది, చుట్టూ ఉన్న బురద తర్వాత రాయి అయింది. ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలిసిన ఈ జవాబుతోనే భూపొరల చరిత్ర చదవడం మొదలైంది. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు ఇంగ్లీషువాళ్లు ఖనిజాలను ‘సొంత ఫాసిల్స్’, ప్రాణుల అవశేషాలను ‘పరాయి ఫాసిల్స్’ అని విడదీసి చెప్పుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో సొంతవి జారిపోయి పరాయివే ఆ పేరుకు హక్కుదారులయ్యాయి.

తెలుగులో మనం శిలాజం అన్నాం. శిల, జ: శిల నుంచి పుట్టినది. పంకజం, జలజం వరుస. ఈ అచ్చు పాతదే. అమరకోశం శిలాజతువుకు, అంటే కొండరాళ్ల నుంచి కారే ఆ నల్ల బంకకు, గిరిజం, అశ్మజం అని పర్యాయపదాలు చెబుతుంది. అశ్మజం అన్నా రాతిలో పుట్టినదే. తమిళులు ‘పుదైపడివం’ అన్నారు, పూడిపోయి పడిన ముద్ర అని. కన్నడిగుల ‘పళెయుళికె’కు పాతకాలపు మిగులు అని అర్థం. ఈ మూడింటిలో వినసొంపుగా ఉన్నది మనదే, దారి తప్పించేదీ మనదే. గుల్ల శిలలో పుట్టలేదు, నీళ్లలో పుట్టి బురదలో పూడింది. పైగా శిలాజం కావడానికి రాయిగా మారి తీరాలన్న నియమమేమీ లేదు. సైబీరియా మంచులో చర్మంతో సహా దొరికిన మామత్ ఏనుగు, చెట్టు బంకలో చిక్కుకున్న దోమ, రెండూ శిలాజాలే. కావలసినవి రెండే: అది ఒకప్పటి ప్రాణి ఒళ్లో, గుర్తో అయి ఉండాలి, తగినంత పాతదై ఉండాలి. సాధారణంగా 10,000 ఏళ్లను హద్దుగా పెట్టుకుంటారు. అంతకన్నా కొత్తవి ఉపశిలాజాలు.

ఇంట్లో పూజాపీఠం మీద సాలగ్రామం ఉన్నవాళ్లకు శిలాజాన్ని చూడటానికి వేరే చోటికి పోనక్కర్లేదు. నేపాల్‌లోని గండకీ నది నుంచి వచ్చే ఆ నల్లటి గుండ్లలో చక్రం ఉన్నవి అమ్మొనైట్లు, జురాసిక్ కాలం నాటి సముద్రపు జీవులు. గోదావరి వాళ్లకు ఇంకా దగ్గరి చోటు రాజమండ్రి చుట్టుపక్కల నల్లరాతి క్వారీలు. కాతేరు, పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం. ఇక్కడి కంకర రాయి దక్కన్ లావాయే, అంటే దక్కన్ పీఠభూమిని పరిచిన అగ్నిపర్వతాల రాయే. పడమటి కనుమల వైపు నుంచి పాత నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని భూవిజ్ఞానుల అంచనా. కింది లావాకూ పై లావాకూ నడుమ సున్నపురాయి, బంకమట్టి పొరలున్నాయి. అప్పటి ఉప్పుటేరుల అడుగు అది. ఆ గుల్లలను నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వర్ణించాడు. దుద్దుకూరులో లావా కింద కూడా సున్నపురాయి ఉంది, అందులో మరమేకులా మెలితిరిగిన టరిటెల్లా గుల్లలుంటాయి.

క్వారీలో మోసపోవడం తేలిక. నల్లరాయి వాతావరణానికి ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ గుండ్రటి గుండ్లుగా మిగులుతుంది. వాటిని రాక్షసబల్లి గుడ్లనుకునేవాళ్లున్నారు. పగలగొడితే లోపల కూడా అదే రాయి. నిజమైన గుడ్డుకు పలచటి పెంకు, దాని మీద సన్నటి రంధ్రాలు ఉండాలి. రాతి పగులులో ఫెర్న్ ఆకులా పరుచుకున్న నల్ల చారలు చాలావరకు ఆకులు కావు, నీటితో దిగి పేరుకున్న మాంగనీసు. సున్నపురాయా కాదా తేల్చడానికి 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే చాలు, బుసబుసా పొంగుతుంది. నల్లరాయి పొంగదు. కానీ దాని బుడగల్లో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం నిండి ఉంటే అది కూడా పొంగి బోల్తా కొట్టిస్తుంది, అందుకే చుక్క రెండు మూడు చోట్ల వేయాలి. అదే ఆమ్లంతో గుల్లను శుభ్రం చేద్దామనుకుంటే గుల్లే మిగలదు. అది కూడా కాల్షియం కార్బొనేటే కదా. పాత పళ్ల బ్రష్షు, మంచినీళ్లు చాలు.

ఈ పొరల్లో అసలు విలువైనవి కంటికి ఆనవు. అవి ఫొరామినిఫెరాలు, ఏకకణ జీవుల సున్నపు గూళ్లు, చాలావాటిది ఇసుక రేణువంత పరిమాణం. వీటిని బయటికి తీసే పద్ధతి వంటింటి పనిలాంటిదే. పావుకిలో బంకమట్టిని బాగా ఎండబెట్టి, నీళ్లలో కాస్త చాకలి సోడా కలిపి రాత్రంతా నానబెట్టాలి. ఎండకుండా వేస్తే మట్టి విడిపోదు, ముద్దగానే ఉంటుంది. తెల్లారాక 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడలో పోసి, నీళ్లు తేటగా దిగేదాకా సన్నటి ధారతో కడగాలి. వేలితో రుద్దితే గూళ్లు పగులుతాయి. మిగిలినదాన్ని ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద సన్నటి తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరాలి. పెద్ద ప్రమాదం వేరే ఉంది. నిన్నటి నమూనాలోని గూడు ఒకటి జల్లెడ కన్నులో ఇరుక్కుని ఇవాళ్టి దాంట్లో రాలితే ఆ పొర వయసే తారుమారవుతుంది. అందుకని ప్రతిసారీ కడిగిన జల్లెడను మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంలో ముంచుతారు. తర్వాత నీలంగా కనబడిన ప్రతి గూడూ పాత బాకీయే, తీసి పారేయాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఆ గూళ్ల మీద పెద్ద లెక్క ఆధారపడి ఉంది. రాజమండ్రి క్వారీల్లో రెండు లావాల నడిమి పొరలో రాక్షసబల్లుల అంతం తర్వాత మొట్టమొదట పుట్టిన జాతుల ఫొరామినిఫెరాలు ఉన్నాయని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ప్రకటించింది. అంటే కింది లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ మహావినాశనం దగ్గరికి వచ్చి ఆగిందన్నమాట.

మన మాట బొత్తిగా అతకని చోటు శిలాజ ఇంధనం. ఇంగ్లీషులో ‘ఫాసిల్ ఇంధనం’ అన్న ప్రయోగం 1759 నాటికే ఉంది. అడవిలో కొట్టిన కట్టెలు కాకుండా నేలలోంచి తవ్వినది అని అక్కడ భావం, అగ్రికోలా నాటి పాత అర్థమే. మనం దాన్ని శిలాజం చేసేసరికి పిల్లల బుర్రలో రాక్షసబల్లి ఎముకలు కరిగి పెట్రోలయ్యాయన్న బొమ్మ పడింది. రాజోలు, నరసాపురం వైపు బావుల్లోంచి వచ్చే గ్యాసుకు ఎముకలతో పని లేదు. పశ్చిమ మెట్టలో రాఘవాపురం పేరు పెట్టుకున్న షేల్ రాయి, అంటే బురద గట్టిపడి పొరలుగా మారిన రాయి, అక్కడ నేల పైకి తేలి ఉంది, అందులో రాక్షసబల్లుల చివరి యుగమైన క్రిటేషియస్ కాలపు ఆకుల ముద్రలు దొరుకుతాయి. అదే రాయి డెల్టా కింద కిలోమీటర్ల లోతున వేడికి మగ్గింది. దానిలోని జీవపదార్థమే గ్యాసుగా, కొంత చమురుగా మారి పై ఇసుకరాళ్లలోకి చేరింది. ఈ ఒక్కచోట మాత్రం శిలాజమూ శిలాజ ఇంధనమూ ఒకే రాతి బిడ్డలు.

ఇక మొదట చెప్పిన, చెరువు తవ్వకంలో బయటపడ్డ గుల్లలు. సముద్రమట్టం కుదుటపడ్డాక గత ఆరేడు వేల ఏళ్లలో గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే డెల్టా తీరపు పై నేల, కాబట్టి పై పొరల గుల్లలు ఉపశిలాజాలే. గుల్లసున్నం బట్టీకి పోకుండా మిగిలితే అవి పాత తీరం ఎక్కడుండేదో చెబుతాయి. వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు పంపదలచినవాళ్లు విడి చిప్పలు ఏరకూడదు. అల ఎక్కడి నుంచో తోసుకొచ్చి ఉండొచ్చు, మట్టి కన్నా వేల ఏళ్లు ముసలివై ఉండొచ్చు. రెండు చిప్పలూ కలిసే మూసుకుని ఉన్న ఆల్చిప్పైతే అక్కడే బతికి అక్కడే పూడినట్టు. గట్టు మీద నుంచి ఎంత లోతో టేపుతో కొలిచి సంచి మీద రాయాలి. వచ్చిన వయసులోంచి మళ్లీ సుమారు 400 ఏళ్లు తీసేయాలి, సముద్రపు నీటిలోని కార్బన్ మొదటి నుంచీ కొంత పాతదే కాబట్టి.