ఏది గట్టిదని కాదు, ఎలా విరుగుతుందని అడగండి

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

మీ ఉత్తరం అందింది. ముగ్గురి తగవూ చదివాను. ఒకరేమో కార్బన్ ఫైబర్ కనూని (తెడ్డుతో నడిపే సన్నటి పడవని) మించింది లేదంటారు, ఇంకొకరు చెక్కతో చేసిందే పడవ అంటారు, చిన్నవాడికి ఎర్రరంగుదైతే చాలట. నన్ను తీర్పు చెప్పమన్నారు. తీర్పు చెప్పను గానీ, వాదించుకోవడానికి ఇంకాస్త పదునైన ప్రశ్న ఇస్తాను. ఏది గట్టిదని అడగకండి. ఏది ఎలా విరుగుతుంది, విరిగితే ఒడ్డున కూర్చుని మనమే అతుకు వేసుకోగలమా అని అడగండి. ఎప్పటికీ రాయి తగలని పడవంటూ ఉండదు కదా!

ముందు ఒక చిక్కు విప్పేస్తాను. మీ ఉత్తరంలో కనూనీ కయాక్‌నీ కలిపేశారు. కనూకి పైన మూత ఉండదు, తెడ్డుకి ఒకవైపే రెక్క. కయాక్‌లో నడుము దాకా లోపలికి దూరి కూర్చుంటాం, తెడ్డుకి రెండువైపులా రెక్కలుంటాయి. పోటీ కనూలు కొన్నిటికి పైన మూత ఉంటుంది, అందుకే తేడా తెలుసుకోవాలంటే తెడ్డునే చూడండి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి ఈ రెండూ పోటీల్లో ఉన్నాయి. పోటీ పేరు ముందు ‘సి’ అని ఉంటే కనూ, ‘కె’ అని ఉంటే కయాక్.

ఇక పదార్థాల సంగతి. 1955లో నెదర్లాండ్స్‌లోని పెస్సే దగ్గర రోడ్డు వేయడానికి తవ్వుతుంటే ఒక దోనె బయటపడింది. పైన్ మాను దొలిచి చేసినది. పొడవు దాదాపు 3 మీటర్లు, వెడల్పు 44 సెంటీమీటర్లు, వయసు సుమారు 10,000 ఏళ్లు. ఇప్పటిదాకా దొరికిన పడవల్లో దాన్నే అన్నిటికన్నా పాతదిగా లెక్కిస్తారు. మాను దొలిచిన పడవలో అతుకులు ఉండవు కాబట్టి అతుకు ఊడుతుందన్న భయమూ లేదు. దాని బలహీనత వేరే చోట ఉంది. ఎండకి ఆరితే చెక్క నారవెంట నిలువునా బీటలు వారుతుంది. పైగా మాను ఎంత లావుంటే పడవ అంతే వెడల్పు. ఉత్తర అమెరికా పడమటి తీరంలోని జనం దానికీ ఉపాయం కనిపెట్టారు. దేవదారు మాను దొలిచి, అందులో నీళ్లు పోసి, కాలిన రాళ్లు వేసి మరిగించేవారు. ఆవిరికి చెక్క మెత్తబడగానే అడ్డకర్రలు పెట్టి పక్కలు వెడల్పు చేసేవారు.

నా మనసు దోచింది మాత్రం బిర్చ్ చెట్టు బెరడుతో చేసిన కనూ. ఉత్తర అమెరికా అడవుల్లోని ఆదివాసులు చేసేవారు. బెరడుని చెట్టుచుట్టూ పెద్ద పట్టగా ఊడదీస్తారు. తెల్లగా కనిపించే పైవైపుని పడవ లోపలికి తిప్పి, మానుని అంటుకుని ఉండే గోధుమరంగు వైపుని నీళ్లకి పెడతారు. బొమ్మల్లో చాలామంది తెల్ల పడవలు గీస్తారు, అది తప్పు. పట్టల్ని స్ప్రూస్ అనే చెట్టు వేర్లని చీల్చి వాటితో కుడతారు. లోపల దేవదారు బద్దల్ని వేడినీళ్లతో వంచి పక్కటెముకల్లా బిగిస్తారు. కుట్లమీద స్ప్రూస్ బంక పూస్తారు. ఒట్టి బంక చలికి పగులుతుంది, అందుకని అందులో కొవ్వు కలుపుతారు. బొగ్గుపొడి కూడా వేస్తారు. ఒక్క మేకు కూడా ఉండదు.

ఈ పడవ రాయి తగిలితే చిరుగుతుంది. ఆ మాట ఎవరూ దాచలేదు. కానీ దాన్ని బాగుచేసే సరుకంతా చుట్టూ ఉన్న అడవిలోనే దొరుకుతుంది. అక్కడ జంతువుల బొచ్చు వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో ఇదే పద్ధతిలో 11 మీటర్ల పొడవు కనూలు కట్టారు. ఒక్కొక్కటీ దాదాపు 3 టన్నుల సరుకు మోసేది. దాన్ని నడిపేవాళ్లు బెరడు చుట్టలూ బంకా వెంట పెట్టుకునేవారు. సాయంత్రం ఒడ్డుకి చేరగానే పడవని బోర్లించి, కారే చోట బంక పూసి, తెల్లారేసరికి మళ్లీ నీళ్లలో దించేవారు. తక్కువ గట్టిదైనా ఎక్కువకాలం పనిచేసే వస్తువంటే ఇదే అని నాకనిపిస్తుంది.

బెరడు స్థానంలో తర్వాత చెక్కమీద బిగించి రంగు వేసిన కాన్వాస్ గుడ్డ వచ్చింది. అందంగా ఉంటుంది, నీళ్లలో చప్పుడు చేయదు, గుడ్డ చిరిగితే మార్చుకోవచ్చు. కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ నీరు పీల్చి బరువెక్కుతుంది.

ఆ బరువే అల్యూమినియం కనూ పుట్టడానికి కారణమైంది. గ్రమ్మన్ అనే యుద్ధవిమానాల కంపెనీలో పెద్ద ఉద్యోగి విలియం హాఫ్‌మన్ 1944లో అమెరికాలోని అడిరాండాక్ కొండల్లో అలాంటి గుడ్డ పడవని మోసి విసిగిపోయారు. విమానాల రేకుతోనే పడవ ఎందుకు చేయకూడదు అనుకున్నారు. యుద్ధం ముగిశాక కంపెనీకి కూడా ఆ పని కావలసివచ్చింది. అల్యూమినియం రాయి తగిలితే సొట్టపోతుంది, లోపలినుంచి సుత్తితో కొడితే చాలావరకు సర్దుకుంటుంది. ఎండలో వదిలేసినా పాడవదు. అయితే లోతు తక్కువ నీళ్లలో రాతిమీదికెక్కితే జారదు, అతుక్కున్నట్టు నిలబడిపోతుంది. ప్రవాహంలో అలా నిలబడడం ప్రమాదం. తెడ్డు అంచుకి తగిలితే చేసే మోతకి చుట్టుపక్కల పక్షి ఒక్కటి మిగలదు.

రాళ్లున్న వాగుల్లో తిరిగేవాళ్లు చాలాకాలం రాయలెక్స్ అనే ప్లాస్టిక్‌ని నమ్ముకున్నారు. నడుమ నురగ, ఇరువైపులా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్, పైన వినైల్ అనే మరో ప్లాస్టిక్ పొర. పడవ రాయికి చుట్టుకుని మడతపడ్డా, లాగి తీశాక చాలాసార్లు తిరిగి తన ఆకారానికి వచ్చేది. 2014లో దాని తయారీ ఆగిపోయినప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్లు నిజంగానే బాధపడ్డారు. తర్వాత అలాంటిదే టి-ఫార్మెక్స్ వచ్చింది. పాలిథీన్ కనూలు ఇంకా చవక, ఇంకా మొండివి. కానీ బరువెక్కువ, పైగా ఆ ప్లాస్టిక్‌కి మామూలు జిగురేదీ సరిగా అంటుకోదు. లోతుగా చీలితే ఇంట్లో అతుకు వేయడం కష్టమే.

ఇక మీ తగవుకి మూలమైన ఫైబర్ పడవలు. ఇవన్నీ గుడ్డని రెసిన్‌లో, అంటే ఆరితే గట్టిపడే జిగురులో తడిపి అచ్చుమీద ఆరబెట్టినవే. గుడ్డ ఏ పోగుతో నేశారన్నదే తేడా. గాజుపోగుదైతే ఫైబర్‌గ్లాస్. పగిలినచోట గరుకుకాగితంతో రుద్ది, కొత్త గుడ్డా రెసిన్ వేస్తే సరి. ఓపికున్న ఎవరైనా నేర్చుకోవచ్చు. కెవ్లార్ పోగుని 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టారు. అప్పుడు వాళ్లు వెతుకుతున్నది కారు టైర్లలో వాడటానికి తేలికైన పోగు. కెవ్లార్‌ని లాగితే తెగదు, నొక్కితే మాత్రం అంత బలం చూపదు. పడవకి బయట రాయి తగిలినప్పుడు లోపలివైపు సాగుతుంది, బయటివైపు నొక్కుకుపోతుంది. అందుకే తెలిసినవాళ్లు కెవ్లార్‌ని లోపల, గాజుగుడ్డని బయట వేస్తారు. రెసిన్ పగిలినా కెవ్లార్ పోగులు తెగకుండా పట్టుకుంటాయి, పడవ కారుతుంది గానీ రెండు ముక్కలవదు. కెవ్లార్‌కి ఎండ పడదు. రుద్దితే నున్నబడకుండా పీచు లేస్తుంది, అతుకు వేసేవాడి సహనానికి పరీక్షే. కార్బన్ అన్నిటికన్నా బిగువు, తేలిక. కానీ హద్దు దాటితే ముందుగా హెచ్చరించకుండా గాజుపలకలా పగులుతుంది. నిశ్చలమైన చెరువుకి బ్రహ్మాండం. రాళ్లవాగులోకి తీసుకెళ్తానంటే మాత్రం నేను వద్దంటాను.

బరువు తేడా ఎంతంటారా? 17 అడుగుల కనూ అల్యూమినియంలో 32 కిలోల దాకా ఉంటే, తేలికరకం కెవ్లార్‌లో 19 కిలోల దగ్గర వస్తుంది. పాలిథీన్‌లో 35 దాటుతుంది. నీళ్లమీద ఈ తేడా పెద్దగా తెలియదు. చెరువునుంచి చెరువుకి భుజాన వేసుకుని నడిచినప్పుడు తెలుస్తుంది.

ఆకారం గురించి ఇంకో ఉత్తరం రాయాలి, ఇప్పటికి ఒక్క మాట. బల్లపరుపు అడుగున్న పడవ ఎక్కగానే నిలకడగా అనిపిస్తుంది, అలల్లో పక్కకి ఒరిగితే గబుక్కున తిరగబడుతుంది. కొంచెం గుండ్రటి అడుగున్నది మొదట ఊగి భయపెడుతుంది, ఒరిగాక కుదురుగా నిలుస్తుంది. ఎక్కిన మొదటి నిమిషంలోనే ఏ పడవకీ మార్కులు వేయకండి.

మీ మూడు పేజీల ఉత్తరంలో తెడ్డు ఊసే లేదు, ఇదేం విడ్డూరం? పడవని రోజుకి రెండుమూడుసార్లు ఎత్తుతాం. తెడ్డుని నిమిషానికి 45 సార్లు వేస్తే మూడు గంటల్లో 8,100 సార్లు ఎత్తినట్టు. తెడ్డు 200 గ్రాములు బరువెక్కువైతే మీ చేతులు మొత్తంమీద 1,620 కిలోలు అదనంగా ఎత్తుతాయి. చేతిలో డబ్బు తక్కువుంటే పాత పడవ కొని, మంచి తెడ్డు కొనండి. ఈ మాట ఎవరు కాదన్నా నేను వదలను.

చెక్క తెడ్డులో యాష్ అనే చెట్టు కలప బలంగా ఉంటుంది, వంగుతుంది, బరువు కాస్త ఎక్కువ. స్ప్రూస్ తేలిక, కానీ మెత్తన, రాళ్లకి అంచు చితుకుతుంది. ఏ చెక్కైనా కాడ పొడవునా నార తిన్నగా సాగిందో లేదో చూడండి. నార పక్కకి జారిపోయిన చోటే తెడ్డు విరుగుతుంది. నీరు పట్టేది రెక్క చివరనుంచి, అక్కడ వార్నిష్ పోగానే మళ్లీ పూయాలి. చేత్తో పట్టుకునే పిడికి మాత్రం వార్నిష్ గీకేసి నూనె పట్టించండి, బొబ్బలెక్కవు. కార్బన్ తెడ్డు బరువు చెక్కదాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. కానీ దాంతో రాళ్లని తోయకూడదు. కొన్ని తెడ్లకి కాడా రెక్కా కలిసేచోట 12 డిగ్రీల వంపు ఉంటుంది. వెనక్కి లాగేటప్పుడు రెక్క నీటిని పైకెత్తకుండా వెనక్కే నెట్టడానికి అది. దూరప్రయాణానికి మంచిది, పడవని అటూ ఇటూ తిప్పడానికి మాత్రం తిన్నటిదే హాయి.

పొడవు చూసేటప్పుడు రెక్కని లెక్కలోకి తీసుకోకండి, అది ఎలాగూ నీళ్లలో ఉంటుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, తెడ్డుని తలకిందులు చేసి పిడిని కూర్చున్న చోట ఆనించండి. రెక్క మొదలయ్యే చోటు మీ గడ్డానికీ ముక్కుకీ మధ్య వస్తే సరిపోయినట్టే. ముగ్గురికీ మూడు కొలతలొస్తాయి. ఆ మూడూ కాక నాలుగోదొకటి పడవలో చేతికందేలా, ఊడిపోకుండా కట్టి ఉంచండి. తెడ్డు విరిగితే ఒడ్డుదాకా అరచేతులతో రాలేరు. లైఫ్ జాకెట్ బొత్తాలు పెట్టుకోకుండా ఆ పడవలో ఎవరూ కాలు పెట్టకూడదు, ఈత వచ్చినవాళ్లు కూడా.

మీ
తాతయ్య