గ్రాహం కౌంటీ, నికోడెమస్: అపోహలు – వాస్తవాలు

అమెరికా పల్లె కౌంటీల పాత రికార్డులు చదవడం, భద్రపరచడం నా పని. కాన్సాస్ వాయవ్యాన ఉన్న గ్రాహం కౌంటీ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. దానికి కారణం నికోడెమస్ అనే చిన్న ఊరు. ఆ ఊరి గురించి తరచూ వినే పొరపాటు మాటలు కొన్ని ఇక్కడ సరిచేస్తున్నాను.

అపోహ: అక్కడి మైదానాలను సాగులోకి తెచ్చింది తెల్లవాళ్లే.

వాస్తవం: నికోడెమస్ 1877లో పుట్టింది. కెంటకీలో బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు ఎల్లిస్ అనే ఊరి దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి దాదాపు 55 కిలోమీటర్లు నడిచాయి. ఆ ఊరి నుంచి ఎదిగిన ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచారు.

అపోహ: ప్రభుత్వం వాళ్లకు భూమి ఊరికే ఇచ్చేసింది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వ భూమిని 160 ఎకరాల వరకు అడిగే వీలుండేది, నిజమే. కానీ ఫీజు కట్టి, 5 ఏళ్లు అక్కడే ఉండి సాగు చేయాల్సి వచ్చేది. చివర్లో ఇద్దరు సాక్షులు ప్రమాణం చేయాల్సి ఉండేది: ఇల్లు ఎలాంటిది, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏం పండించారు అని. అలాంటి వాంగ్మూలం ఒకటి చేతిలోకి తీసుకుంటే, ఒక కుటుంబం ఐదేళ్ల కష్టమంతా ఆ రెండు మూడు పేజీల్లో కనిపిస్తుంది.

ఇల్లంటే అక్కడ మొదట్లో గోడలూ కప్పూ ఉన్న ఇల్లు కాదు. చెట్లు లేని నేల కాబట్టి కలప దొరకదు. గట్టు పక్కన నేల తవ్వుకుని అందులోనే కాపురం. 1878లో వచ్చిన విలియానా హిక్‌మన్ "నికోడెమస్ ఏదీ?" అని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించి అదే అన్నాడట. ఆమెకు ఏడుపొచ్చేసింది. తొలి చలికాలంలో, వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్లు తిండి ఇచ్చి ఆదుకున్నారని ఆ ఊరి కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి.

అపోహ: నికోడెమస్ వాళ్లంతా 'ఎక్సోడస్టర్లు'.

వాస్తవం: కాదు. ఎక్సోడస్టర్లంటే దక్షిణాది నుంచి పెద్దఎత్తున కాన్సాస్‌కు తరలివచ్చిన నల్లజాతి వాళ్లు; ఆ పెద్ద వలస 1879లో జరిగింది. వీళ్లు అంతకు రెండేళ్ల ముందే, ప్లాన్ చేసుకుని వచ్చారు.

అపోహ: రైలు రాలేదు, ఊరు అంతరించిపోయింది.

వాస్తవం: మొదటి సగం నిజం. 1888లో యూనియన్ పసిఫిక్ లైను ఊరిని వదిలి కొన్ని మైళ్ల దూరం నుంచి వెళ్లింది. షాపులు చాలావరకు రైలు దారిలో ఉన్న బోగ్ అనే ఊరికి తరలిపోయాయి. కానీ పొలాలు వదలని కుటుంబాలు మిగిలాయి. చర్చి, బడి, హోటల్, టౌన్‌షిప్ హాలు వంటి 5 కట్టడాలతో 1996లో ఇది జాతీయ చారిత్రక స్థలం అయింది. ఎక్కడెక్కడో స్థిరపడిన వారసులు ఏటా జులై చివర్లో ఊరికి చేరతారు. 24వ నంబరు హైవే మీద వెళ్తుంటే, ఆ టౌన్‌షిప్ హాలు దగ్గర ఒక్క అరగంట ఆగండి.