అపోహలు - వాస్తవాలు: టామీ ఫ్లవర్స్, వాల్వులు, మన రౌటర్లు

రెండో ప్రపంచ యుద్ధంలో రహస్య సందేశాలు ఛేదించడానికి కొలోసస్ అనే యంత్రం కట్టిన బ్రిటిష్ ఇంజినీరు టామీ ఫ్లవర్స్. క్లాసులో ఆయన పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు "ఎనిగ్మా కంప్యూటర్ కట్టినాయన కదా సార్" అంటారు. కాదు బాబూ, ఎనిగ్మా జర్మన్లు రహస్య సందేశాలకు వాడిన యంత్రం. దాని సంగతి తరవాత చూద్దాం. ముందు అసలు నష్టం చేసే అపోహ.

అపోహ: ఎలక్ట్రానిక్ పరికరానికి అప్పుడప్పుడు రెస్ట్ ఇవ్వకపోతే పాడవుతుంది.

1943లో బ్రిటన్ కోడ్ ఛేదించే కేంద్రమైన బ్లెచ్లీ పార్కులో చాలామంది పెద్దల నమ్మకం దీనికి దగ్గరిదే. వాల్వులు (ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజు గొట్టాలు) ఊరికే కాలిపోతాయి, వెయ్యికి పైగా ఒకచోట పెడితే యంత్రం నడవదని. వాళ్లు చూసినవి రేడియో వాల్వులు, అంటే రోజూ ఆన్, ఆఫ్ చేసేవి. ఫ్లవర్స్ చూసినవి టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాల్వులు. వాల్వును ఎక్కువగా చంపేది పని కాదు, స్విచ్చి. చల్లగా ఉన్న ఫిలమెంటు మీదికి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది, లోహం సాగుతుంది, ఆపితే ముడుచుకుంటుంది. ఆర్పకుండా వదిలేస్తే ఏళ్లు నడుస్తుంది. పెద్దలు ఒప్పుకోకపోయినా, డాలిస్ హిల్‌లోని పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో పైఅధికారి అండతో పని మొదలుపెట్టాడు. సుమారు 1,600 వాల్వుల కొలోసస్ 1944 జనవరిలో బ్లెచ్లీ చేరింది. టేపు మీద సెకనుకు 5,000 అక్షరాలు చదివేది. ఆ తరవాత ఇంకా కావాలని అడిగింది ఆ బ్లెచ్లీయే!

మా కాలనీలో ఒక పెద్దావిడ రోజూ రాత్రి రౌటర్ ఆపేసేవారు. "వేడెక్కి అంటుకుంటుందేమో నాయనా, నిద్ర పట్టదు" అన్నారు. ఆవిడ టెన్షన్‌ను తప్పుపట్టను, ఒంటరిగా ఉంటారు. గాలి తగిలేచోట పెట్టి, ఉరుములప్పుడు ప్లగ్ తీస్తే చాలని చెప్పాను. నాకు కోపం తెప్పించేది వాట్సాప్‌లో "నిపుణుల సలహా" అని పంపేవాళ్లు. రౌటర్ వాల్వు యంత్రం కాదు, రాత్రి ఆపితే కొంప మునగదు. కానీ రెస్ట్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందన్నది ఒట్టి మాట. ఎక్స్ఛేంజిలో పనిచేసినవాణ్ని ఎవరినైనా అడగండి, రెస్ట్ కోసమని ఏ రాత్రి ఆపారో!

మిగతావి గబగబా.

ఎనిగ్మా? కాదు, కొలోసస్ పని జర్మన్ల ఇంకో రహస్య యంత్రం, లోరెంజ్ టెలిప్రింటర్ సైఫర్ మీద. ఆ యంత్రాన్ని చూడకుండానే దాని లోపలి అమరిక పట్టుకున్నది బ్లెచ్లీలోని బిల్ టట్.

గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ కట్టాడా? లేదు. ఫ్లవర్స్‌ను బ్లెచ్లీలో ఈ పని నడిపిన మాక్స్ న్యూమన్‌కు పరిచయం చేశాడంతే.

పోస్టాఫీసు ఇంజినీరు అంటే ఉత్తరాల మనిషా? అప్పట్లో బ్రిటన్‌లో టెలిఫోన్లు పోస్టాఫీసువే. మన దగ్గరా 1985 దాకా తపాలా, టెలిఫోన్లు ఒకే శాఖ కింద ఉండేవి.

పెద్ద చదువులవాడా? తాపీమేస్త్రీ కొడుకు. వూలిచ్ ఆయుధ కర్మాగారంలో అప్రెంటిస్, సాయంత్రం క్లాసులతో డిగ్రీ.

యుద్ధం తరవాత వైభోగమా? 1,000 పౌండ్ల బహుమతి, నోటికి తాళం. 1970లలో గుట్టు బయటపడేదాకా పక్కింటివాళ్లకీ తెలియదు. మళ్లీ టెలిఫోన్ పనికే వెళ్లాడు. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి కోసం ఏళ్లు వెచ్చిస్తే, 1962లో లండన్ హైగేట్ వుడ్‌లో పెట్టిన ప్రయోగం విఫలమైంది. 1964లో పోస్టాఫీసు వదిలేశాడు.