ఎర్రచందనం ఇంటిపేరు

తిరుపతి
చిరంజీవులకు తాత ఆశీస్సులు.

చందనం, ఎర్రచందనం అన్నదమ్ములా అని అడిగారు గదా. కావు. మన శేషాచలం కొండల్లోని ఎర్రచందనానికి అసలైన చుట్టం మన చేలోని చెనక్కాయ (వేరుశనగ) చెట్టు!

మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వస్తాయి. మొక్కలకూ అట్లే. ఈ రెండు మాటల పద్ధతిని 1753లో స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్ మొక్కలన్నిటికీ వర్తింపజేశాడు. ఎర్రచందనం టెరోకార్పస్ శాంటలైనస్. ఏగిస చెట్టు టెరోకార్పస్ మార్సూపియం. ఇవి రెండూ ఒకే ఇంటివి. చందనం, అంటే మంచిగంధం, శాంటలమ్ ఆల్బమ్, దాని ఇల్లే వేరు. శాంటలైనస్ అంటే చందనం వంటిది అని మాత్రమే. ఇంటిపేరును శాస్త్రంలో ప్రజాతి అంటారు. కొన్ని ప్రజాతులు కలిస్తే కుటుంబం, మన గోత్రం లాంటిది. ఎర్రచందనం, చెనక్కాయ, కంది, ఉలవ, చింత, అన్నీ చిక్కుడు గోత్రమే. మన ఊళ్లలో ఏ చుట్టరికమూ లేనివాళ్లకు ఒకే ఇంటిపేరు ఉండొచ్చు. మొక్కల్లో అది ఒప్పుకోరు. పరాయిది చేరిందని తేలితే దాని పేరు మార్చేస్తారు.

గోత్రం తేల్చడానికి ఆకును నమ్ముకుంటే మోసపోతారు. ఎర్రచందనానికి మూడాకులు, మారేడుకూ మూడాకులే, చెనక్కాయకు నాలుగు. ఆకులు లెక్కపెడితే చెనక్కాయను తోసేసి మారేడును చేర్చుకుంటాం. కానీ మారేడాకును ఎండకు ఎత్తి పట్టండి, సూదితో పొడిచినట్టు మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. నిమ్మాకులోనూ అవే ఉంటాయి. మారేడుది నిమ్మ గోత్రం.

ఆకు సైజు, చెట్టు ఎత్తు నేలను బట్టి, నీళ్లను బట్టి మారిపోతాయి. పూవు కట్టుబడి అంత సులువుగా మారదు. అందుకే చెట్లను పోల్చేవాళ్లు మొదట పూవునే విప్పుతారు. చెనక్కాయ విత్తి నెల దాటితే పూత మొదలవుతుంది. తెల్లవారగానే చేలోకి పోండి, పొద్దెక్కితే పూవు వాడిపోతుంది. ఒక్క పూవు కోసి విప్పండి. పైన విచ్చుకున్న పెద్ద రేకు ఒకటి, పక్కల రెండు, నడుమ ఇంకో రెండు కలిసి చిన్న పడవ, అందులో దాగిన కేసరాలు. ఎర్రచందనం పూవుదీ ఇదే అమరిక, రంగు కూడా పసుపే. గంధం పూవుకు చిన్న మొనలు నాలుగే, విచ్చేటప్పుడు లేతగా ఉండి తర్వాత ముదురెరుపుకు తిరుగుతుంది.

కాయల్లో మాత్రం పోలికే ఉండదు. చెనక్కాయ పూవు వాడాక ఊడ దిగి మట్టిలో కాయ కాస్తుంది. ఎర్రచందనం కాయ చిన్న అప్పడంలా గుండ్రం, మధ్యలో గింజ, చుట్టూ పలచని రెక్క. ఒకటి భూమిలోకి దూరితే ఇంకొకటి గాలికి ఎగురుతుంది! అయినా జన్యువులు పోల్చి చూస్తే ఎర్రచందనానికి చింత, కంది కన్నా చెనక్కాయే దగ్గర.

చెనక్కాయ పూరేకులను విడివిడిగా న్యూస్‌పేపర్ మడతలో పెట్టి, పైన బరువు పెట్టండి. వారం దాకా రోజూ కాగితం మార్చండి, లేదంటే బూజు పడుతుంది. వేసవిలో ఎర్రచందనం పూసినప్పుడు రాలిన పూవొకటి ఏరుకొచ్చి అట్లే ఆరబెట్టండి. కొమ్మ మాత్రం విరవొద్దు. ఎక్కడ, ఏ రోజు తెచ్చారో ఆ పూటే పక్కన రాసిపెట్టండి. ఎండాక రెండూ ఒకే మాదిరి పసుపు రేకులు, ఏది దేనిదో తేల్చుకోలేరు.

మీ తాత