పేరేమో నీటికుక్కది, గొడవంతా బీవర్లది

ఇంగ్లండ్‌లో డెవాన్ వైపు ఆటర్ అని ఒక చిన్న నది ఉంది. బ్లాక్‌డౌన్ కొండల్లో పుట్టి బడ్లీ సాల్టర్టన్ దగ్గర సముద్రంలో కలిసేదాకా దాని పొడవు 30 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఆటర్ అంటే నీటికుక్క. పేరు దానిదైనా, ఈ నది వార్తలకెక్కింది మాత్రం బీవర్ల వల్ల.

బీవర్ అంటే ముప్పై కిలోల దాకా పెరిగే ఎలుక జాతి జంతువు. తెడ్డులాంటి తోక, ఇనుము ఉండటం వల్ల నారింజ రంగు తేలిన పళ్లు. చెట్టు మొదలును చుట్టూ కొరికి కొరికి, చెక్కిన పెన్సిల్ మొనలా చేసి పడగొడుతుంది, ఆ కొమ్మలకి బురద మెత్తి వాగుకి అడ్డకట్ట వేస్తుంది. చేపలు తింటుందనుకుంటారు గానీ పక్కా శాకాహారి.

బొచ్చు కోసం, మాంసం కోసం, తోక దగ్గరి సంచుల్లో దొరికే కాస్టోరియం అనే వాసన పదార్థం కోసం వేటాడి వేటాడి బ్రిటన్‌లో వీటిని సుమారు 400 ఏళ్ల కిందటే తుడిచిపెట్టేశారు. అలాంటిది 2014లో ఆటర్ ఒడ్డున పిల్లలతో సహా కెమెరాకి చిక్కాయి. ఎవరైనా తెచ్చి వదిలారో, ఎక్కడినుంచైనా తప్పించుకున్నాయో, నావే అని ముందుకొచ్చినవాళ్లు లేరు.

యూరప్ నుంచి వచ్చినవైతే మనుషులకీ సోకే ఒక రకం బద్దెపురుగు వీటిలో ఉండొచ్చని ప్రభుత్వానికి టెన్షన్. పట్టుకుని తరలిస్తామంది. భయం ఉత్తదేం కాదు, కానీ పురుగు లేదని తేలినా ఇక్కడ ఉండకూడదంటే ఎలా? చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడ్డం తిరిగారు, ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. చివరికి 2015 జనవరిలో డెవాన్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్‌కి బీవర్లను అక్కడే ఉంచి చూసే ఐదేళ్ల ట్రయల్ కోసం లైసెన్స్ వచ్చింది. మార్చిలో ఐదు బీవర్లను పరీక్షిస్తే పురుగు లేదని తేలింది, మళ్లీ నదిలోనే వదిలారు.

ఆ ఐదేళ్లూ ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు లెక్కలు కట్టారు. ఈస్ట్ బడ్లీ ఊరికి ఎగువన కట్టలు పడ్డాక వరద ఉధృతి తగ్గింది. అదే కట్టలు కొన్నిచోట్ల పొలాల్లోకి నీళ్లు మళ్లించాయి. అసలు తగాదా ఇక్కడే ఉంది: లాభం దిగువనున్న ఊరిది, నష్టం ఎగువనున్న రైతుది. పరిహారం అడగడం రైతు మొండితనమని నేననుకోను.

2020 ఆగస్టులో బీవర్లు ఆటర్‌లోనే ఉండొచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. 2022 అక్టోబర్‌లో వీటికి ఇంగ్లండ్ అంతటా చట్టరక్షణ వచ్చింది. 2025 మార్చిలో పక్కనున్న డోర్సెట్‌లోని పర్బెక్‌లో లైసెన్స్ ఇచ్చి మరీ అడవిలోకి వదిలారు. ఆటర్‌లో మొదట కనిపించినవి మాత్రం ఏ కాగితమూ లేకుండా వచ్చి చేరినవే.